మా ప్రెసిడెంటన్న మగ్గం

మొన్నొకరోజు పొద్దున హిందూపురంలో మా ఇంటి వసారాలో కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ ఉంటే, లోపల టీవీ చూస్తున్న మా మనవరాలు, అవ్వా ఈడికి రా, ఈ ప్రెసిడెంటు ఎంత చిన్నోడో చూద్దువు గాని, అని కేకేసింది. ఏ దేశమో ఆ పిల్ల చెప్పింది గానీ నా చెవికెక్కలేదు. లేచి వెళ్ళి చూస్తే నిజంగానే మీసం కూడా సరిగ్గా రానట్టున్న కుర్రాడొకడు మెడ నిండా దండలతో జనం మధ్య నిలబడి చేయి ఊపుతున్నాడు. బయటి దేశాల సంగతి తర్వాత, ముందు మన ఇల్లు మనం చక్కబెట్టుకుందాం, బడులు బాగుచేస్తాను, ఆడవాళ్ళకు సమానంగా హక్కులిస్తాను అంటున్నాడని వార్తలు చదివే అమ్మాయి తెలుగులో చెబుతూ ఉంది. నేను ఆ మాటలు సగమే విన్నాను. నా కళ్ళు ఆ కుర్రాడి నవ్వు మీదే నిలిచిపోయాయి. ఇవాళ భుజాల మీద ఎత్తుకున్నవాళ్ళంతా రేపు కూడా పక్కనే ఉంటారని నమ్మేవాళ్ళు నవ్వే నవ్వు అది. అలాంటి నవ్వు నేను ఇదివరకు ఒక్కసారే, ఒక్క ముఖంలోనే చూశాను.

నా ఈడువాళ్ళకు వేరే చెప్పనక్కర్లేదు, మన చిన్నప్పుడు ప్రెసిడెంటు అంటే ఎక్కడో ఢిల్లీలో పెద్ద భవనంలో ఉండే ఆయన కాదు. పల్లెకొక పంచాయతీ ప్రెసిడెంటు, నేతగాళ్ళ వీధికొక సంఘం ప్రెసిడెంటు, మనకు తెలిసిన ప్రెసిడెంట్లంతా వాళ్ళే. మా ధర్మవరంలో మా వీధికి సంబంధించిన చిన్న నేత సంఘం ఒకటుండేది. నేను పుట్టినప్పటి నుంచీ దానికి ఒకాయనే ప్రెసిడెంటు. వీధి చివర మూడు మగ్గాల ఇల్లు ఆయనది. సంఘానికి వచ్చే పట్టు ఎవరికి ముందు, ఎవరికి వెనక అనేది ఆయన అరుగు మీద తేలేది. ఉదయం లేచి ఆయనకు నమస్కారం పెట్టినవాడికి మంచి పట్టు, పెట్టనివాడికి ముళ్ళు పడిన పట్టు. సంఘం ఇచ్చే పట్టు ఏడాదిలో కొన్ని నెలలకే చాలేది, మిగిలిన నెలలు ఆయన సొంతంగా ఇచ్చే పడుగులే, అంటే మగ్గానికి నిలువుగా ఎక్కించే పోగులే, మా నాయన వంటి వాళ్ళకు కూడు పెట్టేవి. అందుకని ఆయన్ను మంచివాడనీ చెడ్డవాడనీ ఎవరూ అనుకునేవాళ్ళు కాదు, ఎండాకాలాన్ని అనుకోనట్టే.

మా ఇంట్లో ఒక్కటే మగ్గం. నాయన గుంతలో కాళ్ళు పెట్టుకుని పొద్దున్నించీ పొద్దుగూకేదాకా నేసేవాడు, అమ్మ పక్కన కూర్చుని, ఆయన అటూ ఇటూ విసిరే నాడెలోకి పట్టు కండెలు చుట్టేది. నాకు మాత్రం వాళ్ళిద్దరికీ రాని పని ఒకటి మా అవ్వ నేర్పింది. అదే పడుగు అతకడం. ఒక పడుగుకు మూడు చీరలు దిగుతాయి. మూడో చీర అయిపోవచ్చినప్పుడు పాత పోగుల్ని మగ్గం మీదనే ఒక మూరెడు వదిలిపెడతారు. కొత్త పడుగు తెచ్చి, పాత పోగు కొనకు కొత్త పోగు కొన చేర్చి, వేళ్ళకు కాస్త బూడిద అద్దుకుని, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య మెలిపెట్టాలి. ముడి వేయకూడదు, ముడి వేస్తే దువ్వెన పళ్ళలాంటి అచ్చులో దూరదు. అట్లా ఒక్కొక్కటిగా కొన్ని వేల పోగులు. ఒక్క పోగు వరస తప్పిందంటే ఆ తర్వాతవన్నీ తప్పినట్టే. చేయి తిరిగిన ఆడమనిషి పొద్దున్నే కూర్చుంటే ఆ రోజంతా, మరునాడు మధ్యాహ్నం దాకా, అంటే ఒకటిన్నర పగలు పట్టే పని. మగవాళ్ళు ఈ పని చేయరు, వాళ్ళకు నేర్పరు కూడా. మగ్గం మగవాడిదే, నేత మగవాడిదే, అయినా ఆడమనిషి వచ్చి కూర్చుని అతకకపోతే ఆ మగ్గం కట్టెల కుప్పే.

ఈ పనిలో నా చేయి మంచిదని వీధంతా పేరు. మా అవ్వ పోయేనాటికి నాకు పదిహేడేళ్ళు, అప్పటికే మా వీధిలో అతికేవాళ్ళు నలుగురైతే అందులో నేనొకదాన్ని. నా వేళ్ళు నేను చూడకుండానే పోగును పట్టుకునేవి. గొప్పలు చెప్పుకుంటున్నాననుకోకండి, గొప్ప చెప్పుకోవలసిన వయసూ కాదు, సందర్భమూ కాదు.

ఇక మా అన్న సంగతి. సొంత అన్న కాదు, మా అమ్మకు అక్క కొడుకు. మా ఇంటికి నాలుగిళ్ళ అవతల మా పెద్దమ్మ ఇల్లు. మా పెదనాయన, అన్న చిన్నగా ఉన్నప్పుడే పోయాడు. ఆయనతో పాటే సంఘంలో ఆయన సభ్యత్వమూ పోయింది. ఆడమనిషి పేరు మీద సభ్యత్వం ఇచ్చే పద్ధతి లేదు కనుక పెద్దమ్మకు పట్టు ఇవ్వలేదు. అన్నకు పద్దెనిమిదేళ్ళు నిండి తన పేరు రాయించుకునేదాకా ఆ ఇంట్లో మగ్గం మీద పాత చీర కప్పి ఉండేది. పెద్దమ్మ పక్కిళ్ళలో కండెలు చుట్టి కొడుకును పెంచింది. తన ఇంట్లో మగ్గం ఉండగా పక్కింట్లో కండెలు చుట్టడమంటే ఏమిటో నేతగాళ్ళ ఇళ్ళలో పుట్టినవాళ్ళకే తెలుస్తుంది. అన్న ఆ కప్పిన చీరను చూస్తూ పెరిగాడు.

అన్నకు ఇరవై ఆరేళ్ళప్పుడు సంఘం ఎన్నికలు వచ్చాయి. నిలబడతానని అంటే అందరూ నవ్వారు, మా నాయన కూడా. కానీ అన్న ఇల్లిల్లూ తిరిగాడు. ఉపన్యాసాలివ్వడం అతనికి చేతకాదు. వెళ్ళి మగ్గం పక్కన కూర్చుని, వాళ్ళ కష్టమేమిటో అడిగి, విని, మాపటికి ఒక పలక మీద రాసుకునేవాడు. ముసలివాళ్ళు కూడా వాడి మాట వినబుద్ధయ్యేట్టు మాట్లాడతాడబ్బా అనుకున్నారు. చీట్లు విప్పి చూస్తే అన్న గెలిచాడు. వీధంతా పలక డప్పులు కొట్టించారు, భుజాల మీద ఎత్తుకుని తిప్పారు, గులాలు చల్లారు. ఆ గులాలుతోనే మా ఇంటికొచ్చి మా నాయన కాళ్ళకు దండం పెట్టాడు. నాయన కూడా ఓటు అన్నకే వేశానని ఆ రోజు అందరికీ చెప్పుకున్నాడు. వేసే ఉంటాడు, నేను కాదనను. ఆ మధ్యాహ్నమే అన్న ముఖం కడుక్కుని గుంతలో దిగి, సగంలో ఉన్న చీర నేయడానికి కూర్చున్నాడు. ప్రెసిడెంటయినా నేతగాడు నేతగాడే కదమ్మా అని పెద్దమ్మ కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది.

నెల తిరక్కుండానే అన్న తన పని మొదలుపెట్టాడు. పట్టు పంచడానికి చీట్లు వేసే పద్ధతి పెట్టాడు, ఎవరి చీటీ ముందొస్తే వాళ్ళకు ముందు. తర్వాత మగ్గాల ఇళ్ళ మిద్దెల మీద వెలుతురు కోసం వదిలే కంతలకు, అదే గవాక్షులకు, అద్దాలు బిగించే పని పెట్టుకున్నాడు. అంతకుముందు వానొస్తే గవాక్షి మీద బండ మూసేవాళ్ళం, మూస్తే ఇల్లంతా చీకటి, ఆ చీకట్లో నేసి నేసి నలభై ఏళ్ళకే మా వీధిలో చాలామందికి కళ్ళు పోయేవి. అద్దం వేశాక వాన కురుస్తున్నా మగ్గం మీద వెలుతురు పడేది. మొట్టమొదటి వానకు మా నాయన మగ్గం ఆపి, తల పైకెత్తి, అద్దం మీద జారే నీళ్ళను చూస్తూ చాలాసేపు కూర్చోవడం నాకిప్పటికీ గుర్తుంది.

మూడోదానితోనే వచ్చింది చిక్కంతా. కండెలు చుట్టేవాళ్ళకూ పడుగులు అతికేవాళ్ళకూ, అంటే ఇంట్లో ఆడవాళ్ళకు కూడా, వాళ్ళ పేర్ల మీదే సభ్యత్వం ఇవ్వాలన్నాడు. దానికి నిబంధన మార్చాలి, మార్చాలంటే సభ్యులంతా కూడే పెద్ద మీటింగులో ఒప్పుకోవాలి. ఆ మీటింగు శ్రావణం దాటాక అని నిర్ణయమైంది. ఈలోగా అన్న ఒక జాబితా రాసి సంఘం గోడకు అంటించాడు. అందులో మొట్టమొదటి పేరు నాది. నీ చేతి పని అందరికన్నా ముందు గదా పాపా, అందుకే నీ పేరు ముందు రాసినా, అన్నాడు. అన్న నన్ను పాపా అనే పిలిచేవాడు, నాకు పిల్లలు పుట్టాక కూడా.

ఇప్పుడు తలుచుకుంటే ఎంత గౌరవం అది అనిపిస్తుంది గానీ, అప్పుడు నాకు పందొమ్మిదేళ్ళు. నీళ్ళకు పోతే కొళాయి దగ్గర, మెంబరమ్మ వస్తాంది దారియ్యండే, అని ఆడవాళ్ళే నవ్వేవాళ్ళు. మగ్గాల దగ్గర మగవాళ్ళు నన్ను చూసి గొంతు సవరించుకునేవాళ్ళు. నాకు ఏడుపొచ్చేది. గోడ మీద నా పేరు చింపేసి రావాలని రెండుసార్లు అక్కడిదాకా పోయి వెనక్కొచ్చాను. అన్న మీద ప్రేమ ఉండేది, అయితే ఆ జాబితా మీద కోపం కూడా ఉండేది. ఈ మాట నేను ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. తప్పంతా మా నాయన మీద తోసేయడం సులువుగా ఉండేది కనుక అట్లాగే కాలం గడిపాను.

ఆ రోజుల్లోనే అన్న మగ్గం మీద పడుగు అయిపోయింది. కొత్త పడుగు ఇంటికి చేరింది. అతకడానికి రమ్మని పెద్దమ్మ నలుగురికీ కబురు పెట్టింది. ఒకామెకు జ్వరమన్నారు. ఒకామె నంబులపూలకుంటలో ఉన్న కూతురి ఇంటికి పోయిందన్నారు. ఒకామె వస్తాను వస్తానంటూనే రాలేదు. వాళ్ళెవరూ అన్నకు శత్రువులు కారు, వాళ్ళ పేర్లు కూడా ఆ జాబితాలో ఉన్నాయి. కాని ప్రతి ఇంటికీ వీధి చివరి మూడు మగ్గాల ఇంటి నుంచి, అంటే పాత ప్రెసిడెంటు నుంచి, ఒక మాట వచ్చింది. మా ఇంటికీ వచ్చింది. ఆ సాయంత్రం నాయన అన్నం ముందు కూర్చుని, నా వైపు చూడకుండా అన్నాడు.

"పాపా, ఆ ఇంటి పక్కకు కొన్ని దినాలు పోవాకు. మన మగ్గానికి పడుగు కావల్ల గదా."

అంతే అన్నాడు. ఆ మాట వెనక ఏముందో నాకు నాలుగు రోజుల తర్వాత గానీ అర్థం కాలేదు. సంఘంలో పాత నిబంధన ఒకటుంది. నేత మానేసి వేరే పనులకు పోయినవాళ్ళు సభ్యులుగా ఉండకూడదని ఎవరో ఏనాడో పెట్టింది. దాని ప్రకారం వరసగా మూడు నెలలు మగ్గం ఆడకపోతే ఆ మనిషి సభ్యత్వం పోతుంది. సభ్యత్వమే లేనివాడు ప్రెసిడెంటుగా ఎట్లా ఉంటాడు? ఎన్నికల్లో ఓడించలేని మనిషిని ఇంట్లో కూర్చోబెట్టి దించేయవచ్చని పాత ప్రెసిడెంటు కనిపెట్టాడు. దానికి కర్ర ఎత్తనక్కర్లేదు, నోరెత్తనక్కర్లేదు. నలుగురు ఆడవాళ్ళు ఇంట్లో కూర్చుంటే చాలు.

పెద్దమ్మ స్వయంగా మా ఇంటికి వచ్చింది. నాయన ఇంట్లో లేడు. పోవద్దన్నాడు మా నాయన అని ఉన్నమాట చెప్పి ఉంటే సరిపోయేది, ఆమె అర్థం చేసుకునేది. నేనేం చేశానో చూడండి. ఆమె గొంతు వాకిట్లో వినబడగానే వంటింట్లోకి పరుగెత్తి, నిమ్మకాయ ఒకటి తీసుకుని, దానికి బొక్క పెట్టి చూపుడువేలికి తొడుక్కుని బయటికొచ్చాను. గోరుచుట్టు లేచింది పెద్దమ్మా, పోగు పట్టుకోను రాదు, అన్నాను. నాయన చెప్పింది పోవద్దనే, నిమ్మకాయ మాత్రం నా సొంత తెలివి. పెద్దమ్మ ఆ వేలు పట్టుకుని, అయ్యో నా తల్లీ, సలుపుతాందా అని అడిగి, ఇంటికిపోయి పసుపు, వేపాకు నూరి తెచ్చి కట్టిపోయింది. నేను కట్టించుకున్నాను.

అప్పుడైనా అన్న హిందూపురం నుంచి మనిషిని పిలిపించుకుని ఉండవచ్చు. అక్కడ కూడా పట్టు నేసేవాళ్ళున్నారు, అతికేవాళ్ళున్నారు, రైలెక్కితే సగం పూట ప్రయాణం. మా అమ్మ ఆ మాటే దొంగచాటుగా చెప్పి పంపింది. అన్న ఒప్పుకోలేదు. ఈ వీధి ఆడోళ్ళ కోసరం నిలబడినోణ్ణి, వేరే ఊరి చేతులతో అతికించుకుంటే నేనేం ప్రెసిడెంటును, వీళ్ళే వస్తారు, చూస్తాండు, అన్నాడట. మొండివాడు. అతనికి ఆ ఒక్క మొండితనం లేకపోతే ఈ కథే ఉండేది కాదు. వీళ్ళే వస్తారు అన్నాడు చూడండి, ఆ 'వీళ్ళు'లో నేనున్నాను.

ఒక నెల చూశాడు. రెండో నెలలో తానే అతకడానికి కూర్చున్నాడు. మగవాడు బూడిద అద్దుకుని పడుగు ముందు కూర్చున్నాడని వీధిలో పిల్లలు కిటికీ పట్టుకుని వేలాడుతూ చూశారు. నాడె విసిరి విసిరి మొద్దుబారిన వేళ్ళు, నాలుగు పోగులు అతికితే రెండు తెగేవి. తర్వాత పెద్దమ్మ కూర్చుంది. ఆమెకు అప్పటికే కళ్ళకు పొరలు. గవాక్షి అద్దం కింద, ఎండ సూటిగా పడే ఆ రెండు గంటలు మాత్రం ఆమెకు పోగు కనబడేది. రోజుకు రెండు గంటల చొప్పున వారాలు అతికింది. చివరికి పడుగును ముందుకు లాగితే ఎక్కడో మొదట్లోనే వరస తప్పి ఉంది, పోగులన్నీ ఒకదాని మీద ఒకటి పడి అచ్చులో తెగిపోయాయి. ఆ రోజు పెద్దమ్మ ఏడుపు మా ఇంటిదాకా వినబడింది. అమ్మ నా వైపు చూసింది, నేను నా వేలి కట్టు వైపు చూశాను. నొప్పి లేని వేలికి రెండు నెలలు గుడ్డ కట్టుకుని తిరిగాను నేను, మా ఇంటి పడుగు కూడా ఆ మిగిలిన ముగ్గురిలో ఒకామె వచ్చి అతికిపోయింది.

మూడో నెల ఆఖర్లో నాయన నన్నొక ఇంటికి పంపాడు. వీధి చివరి మూడు మగ్గాల ఇల్లు. అక్కడొక పడుగు అతకాలి. నాకు వెళ్ళడం ఇష్టం లేదని ముఖం చూస్తే తెలుస్తూనే ఉంది, అయినా నాయన, ఈ ఒక్కసారికి పోయిరా పాపా, అన్నాడు. ఆయన గొంతులో ఆజ్ఞ లేదు, అడుక్కోవడమే ఉంది. వేలి కట్టు విప్పేసి వెళ్ళాను. కూర్చుంటే, ఏం చెప్పమంటారు, మూడు నెలలుగా పని లేని నా వేళ్ళు ఆకలిగొన్నట్టు పోగుల మీద పడ్డాయి. మనసులో ఎంత బాధ ఉన్నా చేతులు మాత్రం సంతోషంగా ఆడాయి. ఆ సంతోషాన్ని నేను ఇవాళ్టికీ క్షమించుకోలేకపోతున్నాను.

రెండోరోజు మధ్యాహ్నం పని ముగించి ఇంటికి వస్తూ ఉంటే, పెద్దమ్మ ఇంటి ముందు ముగ్గురు పెద్దమనుషులు నిలబడి ఉన్నారు. సంఘం తరఫున మగ్గాలు చూసి రాసుకోవడానికి వచ్చినవాళ్ళు. అందులో ఒకరు మా నాయన. సొంతవాడే సంతకం పెడితే ఇక ఎవరూ కాదనరని ఆయన్ను అందులో వేశారు. లోపల మగ్గం మీద, మా చిన్నప్పటి లాగే, పాత చీర కప్పి ఉంది. మగ్గం ఆడలేదని రాసి ముగ్గురూ సంతకాలు పెట్టారు. అన్న గుమ్మంలో నిలబడి, వాళ్ళకు కలమూ తనే అందించి, మా ఇంట్లో కాసిన్ని నీళ్ళు తాగి పోండప్పా అన్నాడు. నాయన ఆ నీళ్ళు తాగలేదు. ఆ రోజు అన్నం కూడా తినలేదు.

నేను తలొంచుకుని ఆ ఇల్లు దాటిపోబోతుంటే పెద్దమ్మ అరుగు మీద నుంచి పిలిచింది. దగ్గరికి వెళ్ళాను. వేలు నయమయ్యిందా అని చేయి పట్టుకుంది. కళ్ళు కనబడవని నేననుకున్నాను గాని, ఎండలో ఉన్నాం. నా బొటనవేలికీ చూపుడువేలికీ అంటిన బూడిదను ఆమె తన వేలితో తడిమింది. బూడిద స్పర్శ ఏమిటో ఆమెకు నేను చెప్పాలా?

"ఎవురింట్లో అతికి వస్తాండావు మే?"

నేను చేయి వెనక్కి లాక్కోబోయాను. ఆమె వదల్లేదు. తన కొంగుతో నా రెండు వేళ్ళూ మెల్లగా తుడిచి, ఇంటికి పో, అంది.

అన్న పదవి పోయింది. శ్రావణం దాటాక మీటింగు జరిగింది గాని ఆడవాళ్ళ మాట అందులో రానే రాలేదు. గోడ మీది జాబితా వానకు తడిసి తనంతట తనే ఊడిపోయింది. పట్టు మళ్ళీ వీధి చివరి అరుగు మీదనే పంచడం మొదలైంది. గవాక్షి అద్దాలు మాత్రం ఎవరూ తీయలేదు, వాటితో ఎవరికీ నష్టం లేదు కదా. అన్న మళ్ళీ మగ్గమెక్కలేదు. పెనుకొండలో ఒక బట్టల అంగట్లో చీరలు మడిచే పనికి కుదిరి, తల్లిని అక్కడికే తీసుకుపోయాడు. వెళ్ళేరోజు మా ఇంటికి వచ్చి చెప్పి వెళ్ళాడు. నేను పెరట్లో పని ఉన్నట్టు ఉండిపోయాను.

తర్వాత నాకు హిందూపురం సంబంధం కుదరడం, ఇక్కడికి రావడం, మా ఆయనకు చింతపండు మండీలో ఉద్యోగం, పిల్లలు, అందరి జీవితాల్లాగే నాదీ నడిచిపోయింది. నాయన పోయిన ఏడాది కాబోలు, ధర్మవరం నుంచి పాసింజరు రైల్లో వస్తుంటే ఎదుటి సీట్లో అన్న కనబడ్డాడు. జుట్టు నెరిసింది, నవ్వు మాత్రం అదే. పెద్దమ్మ పోయిన సంగతి మాట్లాడుకున్నాం, నా పిల్లల సంగతి అడిగాడు. పెనుకొండ కొండ కనబడేదాకా ఏవేవో మాటలు. నిమ్మకాయ సంగతి చెప్పేద్దామని రెండుసార్లు మొదలుపెట్టి, రెండుసార్లూ మాట పిల్లల చదువుల మీదికి మళ్ళించాను. ఇంతలో అన్నే అడిగాడు.

"నీ వేలు మళ్ళ బాధ పెట్టలేదు గదా పాపా? నీకా గోరుచుట్టు లేచింది గాని, లేకుంటే ఎవురొచ్చినా రాకున్నా నువ్వొచ్చిందువు. అమ్మ పోయేదాకా అదే మాట అంటాండె."

అంటే పెద్దమ్మ చెప్పలేదు. బూడిద తుడిచిన కొంగుతోనే ఆ మాటనూ తుడిచేసి, కొడుక్కు ఒక్క మనిషైనా మిగలాలని, నన్ను మిగిల్చి పోయింది. చెప్పేయాలి, ఇప్పుడే చెప్పేయాలి అనుకున్నాను. రైలు పెనుకొండలో ఆగింది. అన్న సంచీ భుజానికేసుకుని, వస్తానమ్మా అని దిగి, కిటికీలోంచి నా పిల్లల కోసమని ఒక చక్కిలాల పొట్లం ఇచ్చాడు. నేను తీసుకున్నాను. రైలు కదిలింది. ఆ తర్వాత ఆయన్ను చూడలేదు, నాలుగేళ్ళకు పోయాడని కబురొచ్చింది.

కిందటి ఏడు ధర్మవరంలో ఒక పెళ్ళికి వెళ్ళి మా పాత వీధిలో నడిచాను. చాలా ఇళ్ళలోంచి కరెంటు మగ్గాల చప్పుడే వస్తోంది. మా మేనకోడలు తన పేరు మీద, తన ఫోటోతో ఉన్న నేతగాళ్ళ కార్డు తెచ్చి చూపించింది, ఇప్పుడు ఆడవాళ్ళందరికీ ఇస్తారత్తా అంది. గోడ మీద అన్న రాసిన జాబితా గురించి ఆ పిల్లకు తెలియదు. ఎవరూ చెప్పలేదు, చెప్పేవాళ్ళూ లేరు. పెద్దమ్మ ఇంటిని ఎవరో కొన్నారు, మగ్గం గుంత పూడ్చి నున్నగా బండలు పరిచారు. పైన గవాక్షికి అద్దం అట్లాగే ఉంది. పన్నెండు గంటల ఎండ ఆ బండల మీద నలుచదరంగా పడి ఉంటే, అక్కడ నిలబడిన నా బొటనవేలూ చూపుడువేలూ వాటంతటవే రుద్దుకోవడం చూసుకున్నాను.

ఇదంతా కాకపోయినా ఇందులో కాస్త మా మనవరాలికి మొన్న చెప్పాను. నిమ్మకాయ సంగతి చెప్పలేదు. ఆ పిల్ల అంతా విని, అవ్వా, అప్పుట్లో నీకు ఓటు ఉండింటే మీ అన్నకే ఏసుందువు గదా, అంది. వేసి ఉందును, అందులో అనుమానమేముంది అన్నాను. ఆ పిల్ల తృప్తిపడి కాలేజీకి వెళ్ళిపోయింది. టీవీలో ఆ కుర్రాడు ఇంకా చేయి ఊపుతూనే ఉన్నాడు, నేను ఆపేసి వచ్చి చిక్కుడుకాయల ముందు కూర్చున్నాను. ఓటు వేయడానికి ఎంతసేపు పడుతుంది? ఆ రోజు మా వీధిలో మగవాళ్ళు వేశారు, మా నాయనా వేశాడు, వేసి ఇళ్ళకు పోయారు. ఆ తర్వాత మా అన్నకు కావలసింది ఓట్లు కావు, ఒకటిన్నర పగలు నా రెండు చేతులు. అవి నా దగ్గరే ఉన్నాయి. నేను వాటిలో ఒక వేలికి నిమ్మకాయ తొడుక్కుని కూర్చున్నాను.